రాబర్టు సూయల్ - రోము రాగికాసులు

విజయనగర సామ్రాజ్యమును గూర్చి చదివిన తెలుగువారిలో రాబర్టు సూయల్ పేరు విననివారు అరుదు. పేసు, నూనిజు అను పోర్చుగీసువారి వృత్తాంతములను ఆంగ్లమునకు తెచ్చి, 1900వ సంవత్సరమున అతడు వెలువరించిన గ్రంథము హంపీ శిథిలములవైపు లోకము దృష్టిని మరల్చినది. ఆ గ్రంథపు వెలుగున అతని మరియొక కృషి మసకబారినది. మన దేశపు మట్టిలో దొరకిన రోము నాణెముల నన్నిటిని ఒక పట్టిక కెక్కించి, అవి ఎప్పటివి, ఎక్కడివి, ఎందుకు వచ్చినవి అని విచారించిన వ్యాసమొకటి 1904లో లండనునందలి రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అతని పేర వెలువడెను. ఆ వ్యాసమునందు బంగారు నాణెములను గూర్చిన భాగము ఎక్కువ. చింతగింజకన్న పలుచనైన రాగికాసులను గూర్చిన భాగము తక్కువ. కాని మన పాఠ్యపుస్తకములలోనికి ప్రాకి చిరకాలము నిలిచిన ఒక ఊహకు ఆ రాగికాసులే మూలము.

సూయల్ 1845లో జన్మించెను. మదరాసు సివిల్ సర్వీసులో చేరి ఈ దేశమునకు వచ్చి, కృష్ణా మండలమున, బెజవాడ ప్రాంతమున ఉద్యోగము చేసెను. ఆ కాలపు దొరలలో వేటకు పోవువారు పోగా, మిగిలిన తీరికను శాసనములకును శిథిలములకును వెచ్చించిన వారు కొలదిమంది గలరు. సూయల్ ఆ కొలదిమందిలోనివాడు. బెజవాడ కొండలు, ఉండవల్లి గుహలు, కృష్ణ ఒడ్డునగల దిబ్బలు అతనికి బడి అయినవి. హ్యూయన్‌త్సాంగు వర్ణించిన ధనకటక రాజధాని ఎక్కడనున్నదో తేల్చవలెనని అతడు చాల శ్రమపడెను.

1877లో అతడు అమరావతి స్తూపమును త్రవ్వించెను. అప్పటికే ఆ దిబ్బ పెక్కు చేతులు పడి నలిగియుండెను. పద్దెనిమిదవ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయని కాలమున ఊరి కట్టడముల కొరకు రాళ్లు తరలిపోయెను. మెకంజీ దొర చూచిపోయెను. 1845లో వాల్టరు ఇలియటు త్రవ్వి శిల్పములను మదరాసు చేర్చెను. సూయల్ త్రవ్వకము ఒక మూల మాత్రమే. దాని నివేదిక 1880లో అచ్చయినది. అదే సంవత్సరమున ప్రభుత్వపు టాజ్ఞచే దిబ్బ మధ్యభాగమంతయు ఊడ్చివేయబడగా, తరువాత వచ్చిన బర్జెస్సునకు కనబడినది పెద్ద గొయ్యి. ఈ పాపము సూయల్‌ది కాదు. కాని త్రవ్వకమునకంటె పట్టిక మేలని అతనికి అప్పుడే తోచియుండిన ఆశ్చర్యము లేదు. ఎందుకనగా ఆ పిమ్మట అతడు చేసిన పనులన్నియు పట్టికలే.

మదరాసు రాజధానిలోని ప్రాచీన శిథిలముల పట్టిక రెండు సంపుటములుగా 1882లోను, 1884లోను వెలువడినది. తాలూకా ఉద్యోగులనుండి తెప్పించుకొన్న సమాచారముతో ఊరూరి గుడిని, శాసనమును, పాడుకోటను అందు చేర్చెను. చెప్పినవారి పొరపాట్లు కొన్ని అందులోనికి దిగినమాట నిజము. ఐనను తెలుగుదేశ చరిత్ర వ్రాయబూనిన తరువాతివారు అనేకులు మొదట తెరచినది ఆ సంపుటములనే. 1896లో శంకర బాలకృష్ణ దీక్షితునితో కలసి హిందూ పంచాంగమును గూర్చిన గ్రంథమును ప్రకటించెను. శాసనమున శకవర్షము, మాసము, తిథి, వారము ఉన్నచో, అది క్రీస్తుశకమున ఏనాడో ఆ గ్రంథము సహాయమున లెక్కకట్టవచ్చును. గ్రహణములను గూర్చి మరొకటి, కాలగణనమును గూర్చి ఇంకొకటి వ్రాసెను. తారీఖు తేలనిదే చరిత్ర లేదని నమ్మిన మనిషి.

నాణెములపై అతనికి కలిగిన మక్కువకును ఇదియే కారణమై యుండును. రోము నాణెముపై చక్రవర్తి ముఖమును పేరును ఉండును. చక్రవర్తి కాలము గ్రంథస్థము. కావున మట్టిలో దొరకు వస్తువులలో తన పుట్టినకాలము తానే చెప్పుకొనునట్టిది నాణెమే. మన శాతవాహన రాజుల కాలమును గూర్చి పండితులు నేటికిని తగవులాడుచున్నారు, టైబీరియసు క్రీ.శ. 14 మొదలు 37 వరకు ఏలెనను విషయమున తగవు లేదు.

ఐతే ఆ నాణెములు పండితుని చేతికి వచ్చుట యెట్లు? నెల్లూరు సమీపమున 1786లో జరిగిన సంగతి ఇందుకు చక్కని ఉదాహరణము. ఒక రైతు దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలెను. త్రవ్విచూడగా చిన్న గుడి పునాది, దానిక్రింద చిన్న కుండ, కుండలో బంగారు నాణెములు. రైతు వానిని పాతబంగారముగా అమ్ముకొనెను. చాలభాగము కరగిపోయెను. ముప్పదివరకు మాత్రము నవాబు దర్బారువారికి చిక్కినవి. వానిలో ట్రాజను, హేడ్రియను, ఫౌస్టినా ముద్రలుగలవి ఉన్నవని మదరాసు గవర్నరు డేవిడ్సను వ్రాసిన లేఖ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంపుటమున 1790లో అచ్చయినది. కొన్ని నిన్న టంకసాలనుండి వచ్చినట్లుండగా, కొన్నిటికి మెడలో వ్రేలాడదీయుటకు బెజ్జములు పొడవబడియుండెను. కంసాలి మూసకు దక్కినది ఎంతయో, చరిత్రకు దక్కినది ఎంతయో దీనినిబట్టి ఊహించుకొనవచ్చును.

1878లో నిక్షేపముల చట్టము వచ్చినది. పదిరూపాయలకు మించిన విలువగల పాతర దొరకినచో కలెక్టరునకు తెలియజేయవలెనని దాని నిబంధన. 1889లో వినుకొండలో దొరకిన రోము బంగారు నాణెముల వంటివి అధికారుల దృష్టికి వచ్చి లెక్కకెక్కినవి. కాని రాగికాసులకు పదిరూపాయల విలువ ఎక్కడిది? ఏటియిసుకలో పిల్లలేరిన కాసులు కంచరివాని దుకాణము చేరినను అడుగువారు లేరు. అందుచే ప్రభుత్వపు కాగితములన్నియు బంగారముతోను వెండితోను నిండినవి. రాగిని గూర్చిన సమాచారము కేవలము నాణెముల పిచ్చిగల కొందరి సంచులనుండి రావలసివచ్చెను. మధుర ప్రాంతమున ట్రేసీ అను అమెరికను మిషనరీ, సైన్యమున టఫ్‌నెల్ అను అధికారి, మదరాసు మ్యూజియమున బిడీ, థర్‌స్టను - వీరు పోగుచేసినవే సూయల్‌కు ఆధారములు. సర్ వాల్టరు ఇలియటు వీరికి పెద్దన్న వంటివాడు. వార్ధక్యమున చూపు పోయిన పిదపను అతడు దక్షిణదేశ నాణెములపై గ్రంథము పూర్తిచేసెను. కాసును వ్రేళ్లతో తడిమి ఏదో గుర్తుపట్టెడివాడు.

రోము చివరికాలపు రాగికాసును పోల్చుకొనుట కన్నులున్నవారికే కష్టము. అగస్టసు బంగారు నాణెముపై శిల్పి చెక్కినట్టి ముఖముండును, ఎనిమిది గ్రాములకు దగ్గరగా తూగును, అక్షరములు ముత్యములు. నాలుగవ, అయిదవ శతాబ్దుల రాగికాసు ఒక గ్రాము, ఒకటిన్నర గ్రాము తూగును. దాని అడ్డుకొలత సెంటీమీటరుకు కొంచెము హెచ్చు. ముద్ర కాసుకంటె పెద్దదగుటచే సగమక్షరములు అంచు దాటిపోయియుండును. మిగిలిన సగము నడకచేత అరిగియుండును. ఆపై పచ్చని చిలుము. ఏటిలో పడినదైనచో చిలుము కూడ ఉండదు. నున్నని నల్లబిళ్ల మిగులును.

ముందువైపు కుడికి తిరిగిన తల, ముత్యముల పట్టీ. పేరునకు ముందు రెండక్షరములు - మా ప్రభువు అను అర్థమిచ్చు దొమినుస్ నోస్తెర్ అను మాటలకు పొడియక్షరములు - కనబడెనా, అది చివరికాలపు నాణెమనుట దాదాపు నిశ్చయము. తొలి చక్రవర్తులు తమ్ము ప్రభువులని నాణెములపై చెప్పుకొనలేదు. ఆపైన పేరు చదువవలెను. ఇక్కడనే చిక్కు. అర్కాదియుస్, హొనోరియుస్, తెయొదోసియుస్ - ఈ ముగ్గురును ఒకే కుటుంబమువారు, పేర్ల తుదియు ఒకటే. ఆదిభాగము అరిగిపోయి తుది మాత్రము మిగిలిన కాసున, యుస్ అనుదానికి ముందున్న ఒక్క అక్షరమే దిక్కు. దకారమైన అర్కాదియుస్, రకారమైన హొనోరియుస్, సకారమైన తెయొదోసియుస్. ఆ అక్షరమును పోయినచో ముగ్గురిలో ఎవరైనను కావచ్చును.

అప్పుడు కాసును త్రిప్పి వెనుకవైపు చూడవలెను. ముఖముకంటె వీపే ఎక్కువ చెప్పును. ఇద్దరు సిపాయిలు ఎదురెదురుగా నిలిచి మధ్య రెండు ధ్వజములున్నచో అది కాన్‌స్టంటైను చివరిరోజులది, 330 తరువాతిది. ధ్వజము ఒకటే ఐనచో మరికొన్ని యేండ్ల తరువాతిది, అతని కొడుకులనాటిది. సిపాయి గుఱ్ఱమునుండి పడిన శత్రువును ఈటెతో పొడుచుచున్నచో 348కి తరువాత, వాని కుమారుడు కాన్‌స్టాంటియసు నాటిది. చక్రవర్తి బందీని జుట్టుపట్టి ఈడ్చుచున్నచో 364 తరువాత వలెంటీనియను, వాలెన్సు సోదరులది. విజయదేవత భుజముపై జయచిహ్నము మోసుకొనుచు బందీని లాగుచున్నచో 388 తరువాతిది. ముగ్గురు వరుసగా నిలిచియున్నచో అయిదవ శతాబ్ది మొదటి పాళ్లది. ఆ ముగ్గురును చక్రవర్తులే. ఆకులదండ మధ్య సిలువ యున్నచో రెండవ తెయొదోసియుస్ కాలపుది. అడుగున గీతక్రింది అక్షరములు మిగిలియుండుట అదృష్టము. అవి టంకసాల పేరు. అలెగ్జాండ్రియా, అంటియోకు, కాన్‌స్టాంటినోపిలు - ఇందేదో తెలిసినచో కాసు బయలుదేరిన రేవును తెలిసినట్లే. బొమ్మ ఏదియు పోల్చుకొనరానప్పుడు తూకమును కొలతయును మిగులును. వీనినిబట్టియు కాలమును కొంత అంచనావేయవచ్చును గాని పందెము కట్టరాదు.

ఇట్టి కాసులు మధురలో వైగై యిసుకనుండి లెక్కకు మిక్కిలిగా వచ్చుచుండుట సూయల్‌ను ఆలోచింపజేసినది. బంగారు నాణెము విదేశమునుండి వచ్చుటలో వింత లేదు. అది ఎక్కడనైనను బంగారమే. మిరియములకు, వైడూర్యములకు మారుగా వర్తకులు దానిని తూకమునకిచ్చిరి. కాని గ్రాము రాగిని ఓడలో వేసికొని సముద్రము దాటించుటలో లాభమేమి? ఆ కాసుతో కూరగాయలు కొనవచ్చునేగాని కెంపులు కొనరాదు. చిల్లర కాసు చిల్లర ఖర్చుల కొరకే కదా. అట్టి కాసులను నిత్యవ్యవహారమున వాడువారు వానికి అలవాటుపడినవారే కావలెను. అందులో కొన్ని యూరపులో దొరకు రకములకు భిన్నముగా మోటుగా నున్నవని చూచినవారు చెప్పిరి. కావున మధురలో రోము ప్రజలు కాపురముండిరనియు, వారి అవసరము కొరకు ఆ కాసులు అక్కడనే ముద్రింపబడెననియు ఊహ బలపడెను. విన్సెంటు స్మిత్తు తన ప్రాచీన భారత చరిత్రలో దీనిని చేర్చుకొనెను. అక్కడినుండి పాఠ్యపుస్తకములకు దారి దగ్గర. మధురలో రోమకుల వలస యుండెనని పరీక్షలలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థుల సంఖ్య తక్కువ కాదు.

తర్కము బిగువుగానే యున్నది. దీనిలోని సందు సూయల్‌కు కనబడకపోవుటకు కారణము అతని పట్టిక భారతదేశపు ఎల్లతో ఆగుటయే. సముద్రము దాటి సింహళమున చూచినచో అదేరకపు కాసులు వేలకొలది. అక్కడను అసలు కాసులు, వానిని చూచి చేసిన మోటు నకళ్లు కలసియే దొరకుచున్నవి. కాడ్రింగ్టను 1924లో సింహళ నాణెములపై వ్రాసిన గ్రంథమున వీనిని వివరించెను. రోమకులు ఇన్ని ఊళ్లలో, ఇన్ని పల్లెలలో కాపురముండిరనుట పొసగదు. నాలుగైదు శతాబ్దులలో ఆ దీవియందును, తమిళదేశపు తీరమందును చిల్లరకు కరవుండెను. సామ్రాజ్యమున విలువ దిగజారిన రాగి రాసులుగా నుండెను. వర్తకులు బస్తాలతో తెచ్చిరి. అవి చాలనప్పుడు ఇక్కడివారే నకళ్లు చేసికొనిరి. నేటి పండితులలో పెక్కురి అభిప్రాయ మిదియే. మాల్దీవుల గవ్వలు బెంగాలునను ఒరిస్సాలోను శతాబ్దములపాటు చిల్లరగా చెలామణి ఐనవి. అంతమాత్రమున అక్కడ మాల్దీవులవారి వలసలున్నవని ఎవరును అనలేదు.

కరూరులోను ఇట్టి కాసులు అసంఖ్యాకముగా దొరకినవి. అవి ఎక్కువగా లభించినది అమరావతి నదిలో. ఆ అమరావతి కావేరికి ఉపనది. సూయల్ త్రవ్విన మన అమరావతి కాదు. పుస్తకములలో ఈ రెంటిని కలిపివేసి మురియువారు గలరు.

తెలుగునేలపై ఈ రాగి అంత రాసులుగా దొరకలేదు. ఇక్కడ దొరకినవి ముఖ్యముగా బంగారము, వెండి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో అగస్టసు, టైబీరియసుల వెండి నాణెములు పదునైదువందలకు పైగా ఒకేచోట బయటపడినవి. నాగార్జునకొండలోను బంగారు నాణెములు దొరకినవి. సంగారెడ్డి జిల్లా కొండాపురము దిబ్బను 1940 ప్రాంతమున నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖ త్రవ్వించగా, శాతవాహనుల నాణెములు రాసులుగాను, రోము నాణెముల ముద్రనొత్తిన మట్టిబిళ్లలును లభించినవి. బంగారము లేనివారు మట్టిలో ముచ్చట తీర్చుకొనిరి కాబోలు. హైదరాబాదు పడమట, 1998లో సైబర్ టవర్సు వెలసిన హైటెక్ సిటీ ప్రక్కన కొండాపూరు అను పేట గలదు. అచ్చట విదేశముల సొమ్ము చేతులు మారుట నిజమేగాని, శాతవాహనుల దిబ్బ అక్కడిది కాదు. అది సంగారెడ్డి దాటిన తరువాత వచ్చును. విహారయాత్రకు పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయులు ఈ భేదము గమనింతురుగాక.

మన ప్రాంతమున రాగి అరుదగుటకు కారణము ఊహింపదగినదే. శాతవాహనులు సీసముతోను, మిశ్రలోహముతోను చిల్లరను పుష్కలముగా ముద్రించిరి. కడుపు నిండినవానికి పొరుగింటి గంజితో పనియేమి?

1904 వ్యాసమున సూయల్ తేల్చిన కాలవిభాగము ఐదంతస్తులది. రోము గణరాజ్యకాలమున వర్తకము దాదాపు లేదు. అగస్టసుతో మొదలై 68లో మరణించిన నీరో నాటికి పరాకాష్ఠ నందినది. అప్పటినుండి 217లో మరణించిన కారకల్లా వరకు క్షీణించినది. తరువాత ఇంచుమించు నిలిచిపోయినది. బైజాంటియము చక్రవర్తుల నాడు మరల కొంచెము తలయెత్తినది. ఇది ఎంత చక్కగా కుదిరినదనగా, అర్ధశతాబ్దము ఎవరును పెద్దగా కదిలింపలేదు. కాని నాణెములు తగ్గుటయు వర్తకము తగ్గుటయు ఒకటే అగునా? 64లో నీరో వెండి నాణెపు తూకమును, స్వచ్ఛతను తగ్గించెను. మన వర్తకులు గట్టివారు. పాత అగస్టసు, టైబీరియసు నాణెములనే కోరిరి. క్రొత్తవి రాకుండుట సరకు పోకుండుట కాదు. 1985లో ప్రకటింపబడిన వియన్నా పత్రమొకటి దీనిని బలపరచినది. రెండవ శతాబ్దమున ముజిరిసు రేవునుండి ఈజిప్టునకు పోయిన హెర్మపొల్లోను అను ఓడలోని సరకుల లెక్క అందు గలదు. ఒక్క ఓడలోని సరకు విలువ సుమారు డెబ్బదిలక్షల సెస్టెర్సులు. క్షీణదశలోని వర్తకమున ఇట్టి ఓడలు తేలవు.

సూయల్ సిద్ధాంతములు ఇట్లు ఒకటొకటిగా సడలినవి. పట్టిక మాత్రము సడలలేదు. నాణెములు దొరకిన ఊరు, సంవత్సరము, ఎన్ని, ఎవరి ముద్ర, ఎక్కడికి పోయినవి - ఈ వరుసను అతడు పాటించుటచేతనే అతనిని ఖండించుట తరువాతివారికి సాధ్యమయ్యెను. కరగిపోయిన కుండలెన్నింటికో అతని పుటలే నేడు మిగిలిన చిరునామా. మధుర వలస కథను త్రోసిపుచ్చినవారును మొదట తడిమినది ఆ పుటలనే. ఊహను ఊహగాను, దొరకిన వస్తువును వస్తువుగాను వేరువేరుగా నుంచిన లెక్కరి అతడు; ఆ రెంటిని కలిపినది పాఠ్యపుస్తకములు.

బళ్లారి కలెక్టరుగా పనిచేసిన సూయల్ 1894లో ఉద్యోగము విరమించి స్వదేశమునకు వెడలెను. హంపీ గ్రంథము, నాణెముల వ్యాసము రెండును విశ్రాంతికాలపు పంటలే. తనను నిత్యము చుట్టుకొనియుండిన శిథిలములకు వేలమైళ్ల దూరమున కూర్చుండి, ఉత్తరములు తెప్పించుకొని, అచ్చుపుస్తకములు తిరుగవేసి అతడు వానిని వ్రాసెను. వైగై యిసుకలో వంగి కాసులేరిన ట్రేసీ సంచిని తాను స్వయముగా గుప్పిట పట్టియుండినచో ఆ మోటుకాసులను గూర్చి ఇంకొకమాట తోచియుండునేమో.

1925 డిసెంబరులో, ఎనుబదియేండ్ల వయసున, అతడు మరణించెను. అప్పటికి అతని బల్లపై మరియొక పట్టిక యుండెను: దక్షిణదేశ చారిత్రక శాసనములను సంవత్సరముల వరుసన పేర్చినది. దానిని ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు సరిచూడగా మదరాసు విశ్వవిద్యాలయము 1932లో అచ్చువేసినది. ఆంధ్రదేశమున దొరకిన రోము నాణెములకు ప్రత్యేకముగా ఒక పట్టిక రావలెనన్న మరి ముప్పదిమూడేండ్లు పట్టెను. పరమేశ్వరీలాల్ గుప్త కూర్చిన దానిని 1965లో హైదరాబాదు ప్రభుత్వ ప్రదర్శనశాల తన గ్రంథమాలలో ప్రకటించెను. అక్కన్‌పల్లె నాణెములందు ఎన్నిటి ముఖముపై ఉలిగాటు పడినదో కూడ అందులో చూడవచ్చును.